జెనెటిక్ ఇంజినీరింగ్ పాఠానికి ఏ సిమ్యులేషన్ తీసుకోవాలి? డిగ్రీ క్లాసు చెప్పేవాళ్ల కోసం ఒక పోలిక

మూడేళ్ల కిందట ఫైనల్ ఇయర్ ప్రాక్టికల్స్‌లో ఒక బ్యాచ్ జెల్ నడిపింది, అంటే కరెంటుతో డీఎన్‌ఏ ముక్కల్ని పొడవును బట్టి విడదీసే ప్రయోగం. నలుగురు పిల్లలు. ముందు వారమే కంప్యూటర్ ల్యాబ్‌లో వర్చువల్ జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ చేసి, క్విజ్‌లో పదికి పది తెచ్చుకున్నవాళ్లు. అగరోజ్ కరిగించారు, దువ్వెన పెట్టారు, గడ్డకట్టాక తీశారు, బావుల్లో శాంపిల్ వేశారు, కరెంటు ఇచ్చారు. కాసేపటికి చూస్తే జెల్‌లో నీలం రంగే లేదు. బావులున్న వైపుకే ఎర్ర వైరు తగిలించారు. డీఎన్‌ఏకి నెగటివ్ చార్జి కాబట్టి పాజిటివ్ వైపు పోతుంది. ఇక్కడ పాజిటివ్ బావుల పక్కనే ఉంది గనక, జెల్ పొడవునా రావాల్సిన డీఎన్‌ఏ వెనక్కి తిరిగి బఫర్‌లో కలిసిపోయింది. "సిమ్యులేషన్‌లో వైర్లు మేం పెట్టలేదు మేడమ్, క్లిక్ చేస్తే అవే పెట్టుకున్నాయి" అంది వాళ్లలో ఒకమ్మాయి.

ఆ మాట విన్నాక సిమ్యులేషన్లను నేను చూసే తీరే మారిపోయింది. అంతకుముందు బొమ్మలు బాగున్నాయా, సిలబస్‌కి సరిపోతుందా, ఉచితమా అని చూసేదాన్ని. ఇప్పుడు ముందుగా చూసేది ఒక్కటే: ఇందులో పిల్లలు తప్పు చేయగలరా?

బీఎస్సీ బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, జెనెటిక్స్ చెప్పే లెక్చరర్లు చాలామంది ఈ ఎంపిక దగ్గరే ఆగిపోతుంటారు. ఉచితంగా దొరికేవి ఉన్నాయి, లైసెన్సు కొనాల్సినవి ఉన్నాయి, పరిశోధకులు రోజూ వాడే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. అన్నిటినీ "వర్చువల్ ల్యాబ్" అనే ఒక్క పేరుతో పిలుస్తున్నాం గానీ, అవి చేసే పనులు వేరు. అందుకే రకాలుగా విడగొట్టి చెబుతున్నాను.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది పైన చెప్పిందే, తప్పు. డీఎన్‌ఏని కోయడానికి తప్పుడు ఎంజైమ్ ఎంచుకుంటే సిమ్యులేషన్ ఏం చేస్తుంది? "తప్పు, మళ్లీ ప్రయత్నించండి" అని ఆపేస్తుందా, ఆ ఎంజైమ్‌తోనే కోసి ఏం జరుగుతుందో చూపిస్తుందా? ఆపేసేది పరీక్ష పెడుతున్నట్టు. చూపించేదైతే పాఠం చెబుతున్నట్టు. అసలు తప్పు చేసే వీలే లేకుండా వరుసగా క్లిక్ చేయించేదైతే అది వీడియో కిందే లెక్క. వీడియోకీ విలువ ఉంది, కాదనను. దాన్ని ప్రాక్టికల్ గంటలో కలిపి లెక్కేయకూడదంతే.

రెండోది, మీరు నేర్పాలనుకునేది చేతిపనా, డిజైనా? జెనెటిక్ ఇంజినీరింగ్‌లో ఈ రెండూ ఉన్నాయి. మైక్రోపిపెట్ పట్టుకోవడం, ట్యూబు ఐస్‌లో ఉంచడం, 42 డిగ్రీల నీళ్లలో సరిగ్గా అన్ని సెకన్లే పెట్టి తీయడం చేతిపని. ఏ వెక్టర్ (జీన్‌ని మోసుకెళ్లే డీఎన్‌ఏ), ఏ ఎంజైమ్, ప్రైమర్ (డీఎన్‌ఏ కాపీని మొదలుపెట్టించే చిన్న ముక్క) ఎక్కడ, జీన్ ఏ దిక్కుకి అన్నది డిజైన్. కంప్యూటర్ చేతిపనిని పైపైనే చూపించగలదు. డిజైన్‌ని మాత్రం పూర్తిగా నేర్పగలదు, ఎందుకంటే అసలు పరిశోధనలో కూడా ఆ పని జరిగేది కంప్యూటర్ మీదే.

మూడోది పరికరాలు. మా కాలేజీలో పనిచేసే కంప్యూటర్లకన్నా పిల్లల దగ్గరున్న ఫోన్లే ఎక్కువ. మీ దగ్గరా అంతే అయితే ఫోన్‌లో నడుస్తుందా, నెట్ పోతే ఆగిపోతుందా అన్నది ముందే చూసుకోవాలి.

నాలుగోది భాష. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకి పేజీల కొద్దీ ఇంగ్లిష్ కథనం, యాసలో మాట్లాడే పాత్ర ఎదురైతే జీన్ సంగతి పక్కకిపోయి ఇంగ్లిష్‌తోనే పెనుగులాట అవుతుంది. డీఎన్‌ఏని రాసే ఏ, టీ, జీ, సీ అక్షరాల వరస ముందు మాత్రం తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం అందరూ ఒకటే.

ఐదోది మన్నిక. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కి కాలం చెల్లింది. అంతకుముందు పదేళ్లు మనం వాడుకున్న యానిమేషన్లు ఎన్నో ఒక్కసారిగా తెరుచుకోకుండా పోయాయి. నా లెసన్ ప్లాన్‌లో రాసుకున్న లింకుల్లో సగం ఆ జనవరిలోనే పనికిరాకుండా పోయాయి. డౌన్‌లోడ్ చేసుకుని దాచుకోగలిగేది, కనీసం పెద్ద సంస్థ నిలబెడుతూ వచ్చేది చూసుకోవడం మంచిది.

ఖర్చు సంగతి చివర చెబుతున్నానంటే అది చిన్న విషయమని కాదు. సంవత్సరానికి ఇంత అని కట్టేదైతే, ఈ ఏడాది గ్రాంటుతో కొన్నది వచ్చే ఏడాది ఉంటుందా అని అడగాలి. దాని చుట్టూ పాఠం అల్లుకున్నాక అది పోతే మళ్లీ మొదటికొస్తాం.

ఒక్క చూపులో

| రకం | తప్పు చేయనిస్తుందా | నేర్పేది | కావాల్సినవి | ఖర్చు | ఇంగ్లిష్ బరువు |
|---|---|---|---|---|---|
| కాగితం, కత్తెర, టేపు | పూర్తిగా | కోత, అతుకు అనే మూల ఆలోచన | జిరాక్సు కాగితాలు | దాదాపు లేదు | లేదు |
| క్లిక్ చేసే వర్చువల్ ల్యాబ్ | తక్కువ | పనుల వరస, పరికరాల పరిచయం | బ్రౌజర్, నెట్ | ఉచితం | మధ్యస్తం |
| ఆటలాంటి త్రీడీ ల్యాబ్ | కొంత | సందర్భం, ఆసక్తి, వరస | మంచి కంప్యూటర్, మంచి నెట్ | ఏటా లైసెన్సు | ఎక్కువ |
| డిజైన్ సాఫ్ట్‌వేర్ | పూర్తిగా, చాలాసార్లు హెచ్చరించకుండానే | వెక్టర్, ఎంజైమ్, ప్రైమర్ ఎంపిక | కంప్యూటర్ | ఉచితంగా దొరికేవి ఉన్నాయి | తక్కువ |
| క్రిస్పర్ (జీన్‌ని కోరిన చోట కోసి మార్చే పద్ధతి) గైడ్ డిజైన్ సైట్లు | పూర్తిగా | గైడ్ ఎంపిక, గురి తప్పే ప్రమాదం | బ్రౌజర్, నెట్ | ఉచితం | తక్కువ |

కాగితం, కత్తెర

కంప్యూటర్ సిమ్యులేషన్ల పోలికలో కాగితం ఎందుకు అనిపించవచ్చు. మిగతావాటిని కొలవడానికి ఇది నాకు కొలబద్ద. ఒక పొడుగాటి కాగితం పట్టీ మీద అక్షరాల వరస ముద్రించి, రెండు చివర్లూ టేపుతో అతికిస్తే ప్లాస్మిడ్, అంటే బ్యాక్టీరియాలో ఉండే గుండ్రటి డీఎన్‌ఏ. ఇంకో రంగు కాగితం మీద జీన్. ఇకోఆర్‌వన్ అనే కోత ఎంజైమ్ గుర్తుపట్టే ఆరు అక్షరాలు జీఏఏటీటీసీ ఎక్కడున్నాయో వెతికి, మెట్టులా కత్తిరించి, ఏఏటీటీ అనే నాలుగక్షరాల తోక రెండు వైపులా వేలాడుతుంటే అతికించాలి. అరగంట చాలు. అతుక్కునే చివరలు అంటే ఏంటో దీని తర్వాత మళ్లీ చెప్పాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు.

దీనికి హద్దూ ఉంది. యాభై అరవై అక్షరాలు దాటితే కాగితం సాగదు. పీయూసీ19 లాంటి చిన్న ప్లాస్మిడ్‌కే 2,686 బేస్ జతలు, అంటే అక్షరాల జంటలు. అక్కడి నుంచి కంప్యూటర్ కావాల్సిందే. ఏ సిమ్యులేషనైనా ఈ కాగితం పనికన్నా ఎక్కువ ఏమి నేర్పుతోంది అని అడిగి చూడండి. జవాబు లేకపోతే దాన్ని పక్కన పెట్టేయండి.

క్లిక్ చేసే వర్చువల్ ల్యాబ్‌లు

మన దేశంలో అందరికీ అందుబాటులో ఉన్నవి కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్. 2009 ఫిబ్రవరిలో తిరుపతిలో మొదలుపెట్టిన జాతీయ మిషన్ కింద వచ్చిన ప్రాజెక్టు ఇది. ఐఐటీ ఢిల్లీ సమన్వయం చేస్తుంది, హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీ కూడా భాగస్వామి. బయోటెక్నాలజీ ప్రయోగాలు ఎక్కువగా అమృత విశ్వవిద్యాపీఠం తయారుచేసినవి. ప్లాస్మిడ్ వేరుచేయడం, అగరోజ్ జెల్, పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకి కాపీలు తీయడం), రెస్ట్రిక్షన్ డైజెషన్ (ఎంజైమ్‌తో కోయడం), ట్రాన్స్‌ఫర్మేషన్ (డీఎన్‌ఏని బ్యాక్టీరియాలోకి ఎక్కించడం) అన్నీ దొరుకుతాయి. ప్రతిదానికీ సిద్ధాంతం, పద్ధతి, స్వీయ పరీక్ష, సిమ్యులేటర్, అసైన్‌మెంట్ అని వరసగా పేజీలుంటాయి. మన రికార్డు బుక్కు పద్ధతికి దగ్గరగా ఉంటుంది కాబట్టి పిల్లలకి కొత్తగా అనిపించదు.

అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం జెనెటిక్ సైన్స్ లెర్నింగ్ సెంటర్ పెట్టిన పీసీఆర్, జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ ల్యాబ్‌లు ఇంకా చిన్నవి, ఇంకా తేలికైనవి. నిజానికి హైస్కూలు స్థాయివి. ఫస్ట్ ఇయర్ పిల్లలకి పది నిమిషాల పని.

వీటి బలం ఒక్కటే గానీ గట్టిది: ల్యాబ్‌లో అడుగుపెట్టకముందే పరికరాల పేర్లు, పనుల వరస కళ్లకు కడతాయి. మైక్రోపిపెట్ ఎప్పుడూ చూడని పిల్ల కూడా అదేంటో తెలుసుకుని ల్యాబ్‌కి వస్తుంది. ముప్పై మందికి ఒక్క పీసీఆర్ మిషను ఉన్నచోట, అసలు మిషనే లేనిచోట, ఇది చిన్న సాయం కాదు.

లోటు మొదట్లో చెప్పిన జెల్ కథే. ప్రైమర్ ట్యూబులో సిద్ధంగా వస్తుంది, ఎంజైమ్ వాళ్లే ఎంచి ఇస్తారు, వైరు దానంతటదే తగులుకుంటుంది. పిల్లలు వేగంగా క్లిక్ చేసుకుంటూ పోతారు. దీనికి నేను కనిపెట్టిన విరుగుడు ఒకటే. సిమ్యులేషన్ నడుస్తుండగా మధ్యలో ఆపించి, కాగితం మీద ఒక ప్రశ్న రాయిస్తాను: "ఇక్కడ నువ్వు వేరేలా చేసుంటే ఏమయ్యేది?" జెల్ దగ్గర వైర్లు తిరగేస్తే? ట్రాన్స్‌ఫర్మేషన్‌లో యాంపిసిలిన్ (ప్లాస్మిడ్ ఎక్కని బ్యాక్టీరియాని పెరగనివ్వని మందు) లేని ప్లేటు మీద పరిస్తే? సిమ్యులేషన్ ఇవ్వని తప్పుని మనమే ప్రశ్నగా ఇవ్వాలన్నమాట. ఈ ప్రశ్నలు లేకుండా వీటిని వాడటం వృథా అని గట్టిగా చెబుతాను.

ఆటలాంటి త్రీడీ ల్యాబ్‌లు

ఈ రకంలో అందరికీ తెలిసిన పేరు డెన్మార్క్‌లో పుట్టిన ల్యాబ్‌స్టర్. త్రీడీలో ల్యాబ్ కనిపిస్తుంది, ఒక కథ ఉంటుంది, దారి చూపే పాత్ర ఉంటుంది, మధ్యమధ్య ప్రశ్నలు వస్తాయి, మార్కులు అవే లెక్కపడతాయి. నేరం జరిగిన చోటు నుంచి తెచ్చిన డీఎన్‌ఏ, జబ్బుపడిన మనిషి జీన్ లాంటి సందర్భాలతో పాఠం మొదలవుతుంది. పిల్లలకి నచ్చుతుంది, అందులో అనుమానం లేదు.

వీటి గురించి పరిశోధనలూ గట్టిగానే జరిగాయి. 2014లో నేచర్ బయోటెక్నాలజీలో వచ్చిన అధ్యయనం, మామూలు బోధనకన్నా ఆటలాంటి సిమ్యులేషన్‌తో నేర్చుకోవడం 76 శాతం ఎక్కువగా ఉందని, రెండూ కలిపితే 101 శాతం పెరిగిందని చెప్పింది. ఆ పత్రం రాసినవాళ్లలో ఆ ఉత్పత్తిని తయారుచేసినవాళ్లూ ఉన్నారని గుర్తుపెట్టుకుని చదవాలి. అయినా రెండూ కలిపినప్పుడే ఎక్కువ ఫలితం అన్న భాగం నా అనుభవానికి సరిపోతుంది. 2019లో వచ్చిన ఇంకో అధ్యయనం ఇలాంటి ల్యాబ్ సిమ్యులేషన్‌నే మామూలు తెర మీద ఒకసారి, కళ్లకు తగిలించుకునే వీఆర్ పరికరంతో ఒకసారి పోల్చింది. వీఆర్‌లో అక్కడే ఉన్నామన్న అనుభూతి పెరిగింది, నేర్చుకున్నది మాత్రం తగ్గింది. వీఆర్ ల్యాబ్ పెట్టిస్తామని మేనేజ్‌మెంటు ముందుకొస్తే ఈ ఫలితాన్ని ఒకసారి వాళ్ల ముందు పెట్టండి. ఆ డబ్బుతో మైక్రోపిపెట్లు కొనమని అడగండి.

ఇది ఎవరికి సరిపోతుంది? ఇంగ్లిష్ బాగా నడిచే క్లాసు, ప్రతి ఇద్దరికీ ఒక మంచి కంప్యూటర్, ఏటా లైసెన్సు కట్టగల యాజమాన్యం, రెండొందల మందికి మార్కులు వేయాల్సిన టీచరు. ఈ నాలుగూ ఉంటే తీసుకోండి, సుఖపడతారు. వీటిలో ఏ రెండు లేకపోయినా నా సలహా వద్దనే.

డిజైన్ సాఫ్ట్‌వేర్: నా ఓటు దీనికే

ఇవి పాఠం కోసం తయారైనవి కావు. పరిశోధకులు తమ పని కోసం వాడుకునేవి. ఏప్ అనేది యూటా విశ్వవిద్యాలయ పరిశోధకుడు రాసి ఉచితంగా ఇచ్చిన ప్లాస్మిడ్ ఎడిటర్. చిన్న ఫైలు, పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది, నెట్ అక్కర్లేదు. బెంచ్‌లింగ్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, చదువుకునేవాళ్లకి ఉచితం, ఈమెయిల్‌తో ఖాతా తెరవాలి, ఫైళ్లన్నీ వాళ్ల సర్వర్లలోనే ఉంటాయి. స్నాప్‌జీన్ బొమ్మలు కంటికి ఇంపుగా ఉంటాయి. దాని వ్యూయర్ ఉచితం, క్లోనింగ్ చేసి చూడాలంటే డబ్బు కట్టాలి. న్యూ ఇంగ్లండ్ బయోల్యాబ్స్ వాళ్ల నెబ్‌కటర్‌లో అక్షరాల వరస అతికిస్తే ఏ ఎంజైమ్ ఎక్కడ కోస్తుందో చూపించి, జెల్ బొమ్మ కూడా గీసి ఇస్తుంది. ఇది ఫోన్‌లోనూ ఓపిగ్గా చేసుకోవచ్చు.

నేను క్లాసులో చేయించే పని ఒకటి దగ్గరగా చూపిస్తాను. పీయూసీ19 ఫైలు, 800 బేస్ జతలున్న ఒక జీన్ ఫైలు ఇస్తాను. జీన్‌ని ప్లాస్మిడ్‌లో పెట్టండి, అంతే చెబుతాను. అందరికీ తెలిసిన ఎంజైమ్ ఇకోఆర్‌వన్ కాబట్టి ముందు దాని మీదే చెయ్యిపడుతుంది. నేనిచ్చిన జీన్ మధ్యలో కావాలనే ఒక ఇకోఆర్‌వన్ చోటు ఉంచుతాను. ఎంజైమ్ నొక్కగానే తెర మీద జీన్ రెండు ముక్కలు. మొన్నటి బ్యాచ్‌లో ఒకబ్బాయి చాలాసేపు తెరవైపే చూసి, "మేడమ్, కోయమన్నది చివర్లు, ఇది నడుం కోసింది" అన్నాడు. ఆ నిమిషంలో వాడికి అర్థమైనది నేను బోర్డు మీద పది క్లాసులు చెప్పినా రాదు. ఎంజైమ్‌కి మన ఉద్దేశం తెలియదు, ఆరు అక్షరాలు ఎక్కడ కనిపిస్తే అక్కడ కోస్తుంది. ఆరక్షరాల చోటు సగటున 4,096 అక్షరాలకి ఒకసారి వస్తుంది, నాలుగుని ఆరుసార్లు గుణిస్తే అంతే. ఈ లెక్క అప్పుడు చెబితే ఎక్కుతుంది.

ఆ తర్వాత వేరే ఎంజైమ్ వెతుకుతారు. హిండ్‌త్రీ అనే ఎంజైమ్ ఒక్కటే వాడినవాళ్లకి జీన్ రెండు దిక్కుల్లోనూ అతుక్కునే వీలుందని తెర మీదే కనిపిస్తుంది. రెండు ఎంజైములు వాడితే దిక్కు ఒక్కటే అని మూడో ప్రయత్నంలో పట్టుకుంటారు. ప్రైమర్ రాయమంటే రివర్స్ ప్రైమర్‌ని చాలామంది తిప్పకుండా ఉన్నది ఉన్నట్టే రాస్తారు. పీసీఆర్ నడిపితే ఏ ముక్కా రాదు. క్లిక్ చేసే ల్యాబ్‌లో ఈ తప్పు చేసే అవకాశమే లేదు.

ఇంత మెచ్చుకుంటున్నా దీని ప్రమాదం దాచకూడదు. ఈ సాఫ్ట్‌వేర్‌కి అక్షరాలు తెలుసు, జీవశాస్త్రం తెలియదు. మనిషి ఇన్సులిన్ జీన్‌ని బ్యాక్టీరియాలో పెట్టమన్నప్పుడు ఒక గ్రూపు డేటాబేస్ నుంచి జీనోమ్ వరసనే ఎత్తుకొచ్చి ప్లాస్మిడ్‌లో పెట్టింది. అందులో రెండు ఇంట్రాన్లున్నాయి, అంటే ప్రొటీన్ చేసేముందు కత్తిరించి తీసేయాల్సిన మధ్య ముక్కలు. ఈ.కోలై బ్యాక్టీరియాకి వాటిని కత్తిరించడం చేతకాదు, ప్రొటీన్ రాదు. సాఫ్ట్‌వేర్ ఒక్క మాట అనలేదు, చక్కని గుండ్రటి మ్యాపు గీసి ఇచ్చింది. ఫైలు తెరిచి చూసే టీచరు లేకపోతే ఆ తప్పు అలాగే ఉండిపోతుంది. ఆ రోజే 1978 నాటి పని చెప్పాను. అమెరికాలోని సిటీ ఆఫ్ హోప్ వైద్య కేంద్రం, జెనెన్‌టెక్ కంపెనీ పరిశోధకులు మనిషి జీన్‌ని తీసుకోకుండా, ఇన్సులిన్‌లోని 21 అమైనో ఆమ్లాల ఏ గొలుసుకీ, 30 అమైనో ఆమ్లాల బీ గొలుసుకీ డీఎన్‌ఏని రసాయనికంగా తయారుచేసి, విడివిడిగా బ్యాక్టీరియాలో చేయించి, తర్వాత కలిపారు. ఎందుకంత కష్టపడ్డారో ఆ గ్రూపుకి వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఇంకో చిక్కు మార్కులు. క్లిక్ చేసే ల్యాబ్ తనే మార్కులేస్తుంది. ఇక్కడ ముప్పై ఫైళ్లు మనమే తెరవాలి. నా పద్ధతి: ప్రతి ఒక్కరూ పూర్తయిన ఫైలుతో పాటు ఐదు వాక్యాలు రాసివ్వాలి. ఏ ఎంజైములు, ఎందుకు, ఏది ముందు తప్పింది. రాత తెలుగులో ఉన్నా తీసుకుంటాను. ఫైలు స్నేహితుడి దగ్గర కాపీ చేయొచ్చు గానీ ఏది తప్పిందో కాపీ చేయడం కష్టం. వైవాలో ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

క్రిస్పర్ కోసం

జెనెటిక్ ఇంజినీరింగ్ సిలబస్‌లో ఇప్పుడు క్రిస్పర్ లేని చోటు లేదు. ల్యాబ్‌లో చేయించడం డిగ్రీ కాలేజీకి అందనిది. ఇక్కడ కంప్యూటర్ తప్ప దారి లేదు, అదృష్టవశాత్తూ మంచి దారే. చాప్‌చాప్, క్రిస్పార్ అనే రెండు సైట్లూ ఉచితం. జీన్ పేరో, వరసో ఇస్తే 20 అక్షరాల గైడ్‌లు (ఎక్కడ కోయాలో చూపే వరసలు) వెతికి, వాటి పక్కన ఎన్‌జీజీ అనే గుర్తు ఉన్నవి ఏరి, జీనోమ్‌లో ఇంకెక్కడ పొరపాటున కోసే ప్రమాదముందో లెక్కగట్టి ఇస్తాయి.

ఏ జీన్ ఇవ్వాలి? మన పిల్లలకైతే వరి ఇవ్వండి. 2025 మే నెలలో ఐకార్ (భారతీయ వ్యవసాయ పరిశోధన మండలి) ప్రకటించిన రెండు జీనోమ్ ఎడిటెడ్ వరి రకాల్లో ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100, కమల. దాన్ని రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ తయారుచేసింది. మూలం సాంబ మసూరి, అంటే మన బాపట్ల బీపీటీ 5204. మార్చింది సైటోకైనిన్ అనే హార్మోన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ జీన్‌ని. అలా విరగ్గొట్టడం తగ్గితే కంకికి గింజలు పెరుగుతాయన్నది ఆలోచన. తమ ఇంట్లో వండుకునే బియ్యం జీన్ అని తెలిశాక, అప్పటిదాకా వెనక బెంచీలో ఉన్న పిల్లలు కూడా ముందుకొచ్చి తెర చూస్తారు. మా క్లాసులో రైతుల పిల్లలే ఎక్కువ, గింజలు ఎక్కువైతే చేను పడిపోదా, గింజ బరువు తగ్గదా అని వాళ్లడిగే ప్రశ్నలు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు.

ఈ సైట్ల లోటు, ఫలితాలు పెద్ద పట్టికలా వచ్చి పడటం. ముందు చేత్తో చేయించండి. ఒక వంద అక్షరాల వరస కాగితం మీద ఇచ్చి, రెండు జీలు పక్కపక్కన ఉన్న చోటు వెతికించి, వాటి ముందున్న అక్షరం ఏదైనా ఫర్వాలేదని చెప్పి, దానికి ముందరి 20 అక్షరాలు గీత గీయించండి. ఆ తర్వాత సైటు తెరిస్తే పట్టిక భయపెట్టదు.

తెర మీది జెల్, బల్ల మీది జెల్

డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో తెర మీద వచ్చిన జెల్‌ని అసలు జెల్‌తో పక్కపక్కన పెట్టే ఒక్క ప్రయోగమైనా చేయించమని వేడుకుంటాను. దానికి లాంబ్డా అనే బ్యాక్టీరియా వైరస్ డీఎన్‌ఏ చాలు, జీవం ఉన్న రీకాంబినెంట్ (వేరే జీన్ అతికించిన జీవి) ఏదీ అక్కర్లేదు. అలాంటి జీవులతో పనిచేసే సంస్థకి 1989 నిబంధనల ప్రకారం బయోసేఫ్టీ కమిటీ ఉండాలి, చాలా డిగ్రీ కాలేజీల్లో అది లేదు. డీఎన్‌ఏని ట్యూబులో కోసి చూడటానికి ఆ ఇబ్బంది లేదు.

లాంబ్డా పొడవు 48,502 బేస్ జతలు. ఇకోఆర్‌వన్‌తో కోస్తే సాఫ్ట్‌వేర్ ఆరు ముక్కలు చూపిస్తుంది: 21,226, 7,421, 5,804, 5,643, 4,878, 3,530. అసలు జెల్‌లో పిల్లలు లెక్కపెడితే ఐదే. "మాది తప్పొచ్చింది మేడమ్" అని మొహం వేలాడేస్తారు. తప్పు రాలేదు. 5,804, 5,643 రెండూ అంత దగ్గరగా ఉండటంతో మామూలు జెల్‌లో ఒకే గీతగా కలిసిపోతాయి. ఆ గీత పక్కవాటికన్నా ముదురుగా ఉందా చూడమంటాను. ఉంటుంది. హిండ్‌త్రీతో కోస్తే 125 ముక్క అసలు కనపడదు, 564 ఉందా లేదా అన్నట్టుంటుంది. చిన్న ముక్కకి రంగు పట్టే చోటు తక్కువ. పైగా లాంబ్డా రెండు చివర్లకీ ఒకదానికొకటి అతుక్కునే తోకలుంటాయి గనక, 23,130 ముక్కా 4,361 ముక్కా కలిసిపోయి గీతలు గందరగోళంగా వస్తాయి. వేడిచేసి వేస్తే విడిపోతాయి.

తెర మీద లెక్క, బల్ల మీద వస్తువు. ఈ రెంటి మధ్య తేడా ఎందుకొచ్చిందని వెతకడమే ఆ గంట పని. సిమ్యులేషన్ లేకపోతే ఎన్ని గీతలు రావాలో వాళ్లకి తెలియదు, అసలు జెల్ లేకపోతే లెక్క తప్పే తీరు తెలియదు.

మీ పరిస్థితిని బట్టి

ల్యాబ్ అంతంత మాత్రం, కంప్యూటర్లు పది, పిల్లలు నలభై అంటే: కాగితం పనితో మొదలుపెట్టి, వర్చువల్ ల్యాబ్స్ ఇంటి దగ్గర ఫోన్‌లో చూసి రమ్మనండి, కంప్యూటర్ ల్యాబ్ గంటలన్నీ ఏప్‌కి ఇచ్చేయండి. నలుగురికి ఒక కంప్యూటర్ ఉన్నా ఫర్వాలేదు, ఏ ఎంజైమ్ అని వాదించుకోవడానికి నలుగురుంటేనే మంచిది. మౌస్ మాత్రం ప్రతి పదినిమిషాలకీ చేతులు మారాలి, లేకపోతే ఒకరే చేస్తారు.

ల్యాబ్ బాగుంది, సమయం లేదు అంటే: క్లిక్ చేసే ల్యాబ్ ప్రతి ప్రాక్టికల్‌కి ముందు రోజు. డిజైన్ సాఫ్ట్‌వేర్ సెమిస్టర్‌కి రెండుసార్లు చాలు.

ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కి, జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో ఉద్యోగానికి వెళ్లాలనుకునే ఫైనల్ ఇయర్ పిల్లలైతే: బెంచ్‌లింగ్. అక్కడ నేర్చుకున్నది అదే రూపంలో ల్యాబుల్లో వాడతారు. చిన్న ప్రాజెక్టుగా హెపటైటిస్ బీ ఉపరితల యాంటీజెన్ జీన్‌ని ఈస్టు వెక్టర్‌లో పెట్టమనండి. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బీ టీకా తెచ్చింది ఈస్టులోనే. బ్యాక్టీరియా ఎందుకు కాదు అన్న ప్రశ్నతో ప్రాజెక్టు దానంతటదే నడుస్తుంది.

పాఠం మీరే చదువుకుంటూ చెబుతున్నారు, ఈ సబ్జెక్టు మీ స్పెషలైజేషన్ కాదు అంటే: మొదటి ఏడాది వర్చువల్ ల్యాబ్స్‌తోనే నడపండి, తప్పేమీ లేదు. ఆ వేసవిలో ఏప్ దింపుకుని, పీయూసీ19 ఫైలు తెరిచి, మీరే ఒక జీన్ పెట్టి చూడండి. రెండు మధ్యాహ్నాల పని. మీరు చేసిన తప్పులు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, జూన్‌లో క్లాసుకి అవే ప్రశ్నలు.